వందకు నూటనలభై నాలుగు



ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ మాస్టారు అర్థశాస్త్రం పాఠాన్ని ధరల పట్టికతో మొదలుపెట్టేవారు. సిద్ధాంతం ఆ తరవాత వచ్చేది. ఒక అంకె ఎవరి ఇంట్లో ఏం చేసిందో చెప్పలేకపోతే ఆ అంకె మనకు తెలియనట్టేనని ఆయన నమ్మకం. అందుకే ఈ సాయంత్రం ఒక అంకెను పట్టుకుని మాట్లాడదామని వచ్చాను. ఆ అంకె 144. 1949 సెప్టెంబరు మూడోవారం దాకా వంద పాకిస్తానీ రూపాయలకు వంద భారత రూపాయలు. ఆ వారం గడిచేసరికి పాకిస్తాన్ లెక్క ప్రకారం వందకు 144. మధ్యలో యుద్ధం రాలేదు, పంట పోలేదు, ఢిల్లీ, కరాచీలు ఒకదానితో ఒకటి ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు.

డాలరు ఎంతకు నడుస్తోందో ఇవాళ బడిపిల్లలు కూడా చెబుతారు. బంగ్లాదేశ్ టాకా ఎంత, పాకిస్తానీ రూపాయి ఎంత అంటే ఎం.ఏ. చదివినవాళ్ళు కూడా ఫోను తీసి చూసుకోవాలి. నా వాదన ముందే చెప్పేస్తాను. రెండు పేద దేశాల డబ్బుల మధ్య రేటును ఆ రెండూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకున్న సందర్భాలు బహు తక్కువ. ఒక దేశం పౌనుతోనో డాలరుతోనో తన లెక్క చూసుకుంటుంది. పక్క దేశమూ అంతే. ఆ రెండు లెక్కల్నీ భాగిస్తే వచ్చేది వాళ్ళిద్దరి మధ్య రేటు. ఎవరూ కావాలని పెట్టని రేటు అది. సరిహద్దుకు రెండు పక్కలా లక్షల కుటుంబాలు మాత్రం దాని మీదే బతకాలి. భారత్, పాకిస్తాన్, ఆ తరవాత బంగ్లాదేశ్‌ల చరిత్రలో ఇది ఎలా జరిగిందో చూద్దాం.

దేశం రెండు ముక్కలైనా రూపాయి వెంటనే ముక్కలు కాలేదు. కొన్ని నెలలపాటు రిజర్వు బ్యాంకే రెండు దేశాలకూ కేంద్ర బ్యాంకు. 1948 ఏప్రిల్ నుంచి పాకిస్తాన్ కోసం విడుదల చేసిన నోట్లు మన నోట్లే. అదే ఆరో జార్జి బొమ్మ, అదే రిజర్వు బ్యాంకు పేరు, అదే నాసిక్ అచ్చు. నోటు ముఖం మీద అదనంగా పాకిస్తాన్ ప్రభుత్వం అని ఇంగ్లీషులోను ఉర్దూలోను ముద్ర. ఆ ముద్ర ఒక్కటే తేడా. ఆ ఏడాది జులై 1న కరాచీలో జిన్నా చేతుల మీదుగా స్టేట్ బ్యాంక్ ఆఫ్ పాకిస్తాన్ ప్రారంభమైంది. అంతకు ముందు జనవరిలోనే నగదు నిల్వల పంపకం మీద పెద్ద గొడవ జరిగింది. పాకిస్తాన్ వాటా 75 కోట్లు, ముందే ఇచ్చినవి 20 కోట్లు, కాశ్మీరు యుద్ధం వల్ల ఆపినవి 55 కోట్లు. గాంధీజీ దీక్ష సమయంలో ఆ 55 కోట్లు విడుదలయ్యాయి. అంత గొడవలోనూ వందకు వంద అన్న లెక్క మీద ఎవరూ తగువు పడలేదు. రెండు రూపాయలూ లండన్ పౌనుకే కట్టి ఉన్నాయి. రూపాయికి ఒక షిల్లింగు ఆరు పెన్నీలు. 1927 చట్టంలో బ్రిటిష్ ప్రభుత్వం పెట్టి వెళ్ళిన రేటు అది.

రెండు రూపాయలతో బతకడమంటే ఏమిటో తెలంగాణ పెద్దవాళ్ళకు విడమరచి చెప్పక్కర్లేదు. నిజాం హాలీ సిక్కా ఒకటి, ఇంగ్లీషువాళ్ళ కల్దార్ ఒకటి. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్ రూపాయలు. వంద కల్దార్‌కు 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైలు. బెజవాడలో సరుకు కొనే ఖమ్మం వర్తకుడికి ఈ లెక్క నోటికి వచ్చి ఉండాలి. వట్టం పోగా ఎంత మిగులుతుందో కూడా చూసుకోవాలి. కానీ ఆ రేటుకు ఒక నిలకడ ఉండేది, పొద్దున లేచేసరికి తలకిందులయ్యేది కాదు.

1949 సెప్టెంబరు 18 ఆదివారం. బ్రిటన్ ఆర్థికమంత్రి స్టాఫర్డ్ క్రిప్స్ పౌను విలువ తగ్గిస్తున్నట్టు ప్రకటించాడు. 4 డాలర్ల 3 సెంట్ల పౌను 2 డాలర్ల 80 సెంట్లకు దిగింది, అంటే నూటికి ముప్పయ్యిన్నర తగ్గింపు. డాలర్ల కొరతతో బ్రిటన్ ఊపిరాడక తీసుకున్న నిర్ణయం అది. మన ఆర్థికమంత్రి జాన్ మథాయ్. మన ఎగుమతుల్లో ఎక్కువ భాగం స్టెర్లింగ్ (పౌనుకు కట్టిన) దేశాలకే పోతోంది, నిల్వలు లండన్‌లో పౌన్లలోనే ఉన్నాయి. పౌను దిగితే మనం దిగకుండా ఉండటం కష్టం. భారత్ వెంటనే అదే నిష్పత్తిలో రూపాయిని దించింది. డాలరుకు 3 రూపాయల 30 పైసలుండేది 4 రూపాయల 76 పైసలైంది. పౌనుతో రేటు మాత్రం చెక్కుచెదరలేదు.

పాకిస్తాన్ దించలేదు. స్టెర్లింగ్ కూటమి మొత్తంలో దించని దేశం అదొక్కటే. ఈ నిర్ణయాన్ని మొండితనమని అప్పట్లో మనవాళ్ళు తీసిపారేశారు. అది సరికాదని నా అభిప్రాయం. పాకిస్తాన్ అమ్మేవి జనపనార, పత్తి. ప్రపంచానికి అవి కావాలి, జనపనారకైతే వేరే చెప్పుకోదగ్గ అమ్మకందారు లేడు. ధర తగ్గించినంత మాత్రాన కొనేవాళ్ళు రెట్టింపు కారు. కొనాల్సినవి యంత్రాలు, ఇనుము, బొగ్గు. రూపాయి దిగితే అవన్నీ ప్రియమవుతాయి. కొత్త దేశం కొత్త ఫ్యాక్టరీలు పెట్టుకోవాలనుకుంటే ఈ లెక్క తప్పు లెక్క కాదు. భారత్ లెక్క భారత్‌కు సబబు, పాకిస్తాన్ లెక్క పాకిస్తాన్‌కు సబబు. రెండూ పౌనును, డాలరును చూసి వేసుకున్నవే. ఆ లెక్కల్లో ఎక్కడా కనిపించని మనిషి ఒకడున్నాడు. అతను పాకిస్తాన్‌లోని తూర్పు బెంగాల్ (నేటి బంగ్లాదేశ్) మైమన్‌సింగ్ రైతు.

అతని దగ్గర కాసేపు ఆగుదాం. బెంగాల్ ముడి జనపనారలో దాదాపు నాలుగింట మూడు వంతులు పండేది తూర్పు బెంగాల్లో. దాన్ని గోనెగా నేసే మిల్లులు దాదాపు అన్నీ కలకత్తా చుట్టూ హుగ్లీ నది ఒడ్డున. తూర్పు బెంగాల్లో ఒక్క మిల్లు కూడా లేదు. గీత గీసినవాళ్ళు పొలాన్ని ఒక దేశంలో, మగ్గాన్ని ఇంకో దేశంలో పెట్టారు. జనపనార పైరు వానాకాలంలో కోతకొస్తుంది. కోసిన కట్టలు నీటిలో ఊరవేసి, నడుములోతు నీళ్ళలో నిలబడి నార ఒలిచి, ఉతికి, వెదురు దండేల మీద ఆరవేసి, సెప్టెంబరుకు సంతకు తీసుకొస్తాడు రైతు. ఏడాది అప్పంతా తీర్చేది ఆ రెండు నెలల అమ్మకమే. సరిగ్గా ఆ సెప్టెంబరులోనే క్రిప్స్ ప్రకటన వచ్చింది.

లెక్క కోసం మణుగు నార ధర 25 రూపాయలు అనుకుందాం. సెప్టెంబరు 17న ఆ నార తూర్పు బెంగాల్ నారాయణ్‌గంజ్‌లోనూ 25 రూపాయలే, కలకత్తా మిల్లు వాకిట్లోనూ (పడవ కిరాయి పక్కన పెడితే) 25 రూపాయలే. వారం తిరిగేసరికి రైతుకు 25 పాకిస్తానీ రూపాయలు ముట్టాలంటే మిల్లు 36 భారత రూపాయలు ఇవ్వాలి. మిల్లు పాత 25 భారత రూపాయలే ఇస్తానంటే రైతు చేతికి వచ్చేది 17 రూపాయల 6 అణాలకు ఇంకా కొంచెం తక్కువ. నార అదే, నది అదే, పడవ అదే. మణుగు దగ్గర ఏడున్నర రూపాయలో పదకొండు రూపాయలో ఎవరో ఒకరు భరించాలి. ఎవరన్నదే తగువు.

మిల్లు యజమాని వైపు నుంచి చూడండి. గోనె గుడ్డ అమెరికాకు అమ్మి డాలర్లు తెచ్చిపెట్టే సరుకు. రూపాయి దించిందే డాలర్లలో మన ధర తగ్గి ఎక్కువ అమ్ముడుపోవాలని. కానీ గోనె ఖర్చులో పెద్ద భాగం ముడి నారదే. ఆ నార నూటికి 44 పెరిగితే డాలరు ధర తగ్గించే వీలెక్కడిది? విలువ తగ్గింపు వల్ల మనకు రావలసిన లాభం అంతా నారాయణ్‌గంజ్ దగ్గరే హరించుకుపోతుంది. అందుకని భారత ప్రభుత్వం పాకిస్తాన్ కొత్త రేటును గుర్తించనంది. గుర్తించకపోవడమంటే ఇంకో రేటు పెట్టడం కాదు, అసలు రేటే లేకపోవడం. రేటు లేకపోతే బ్యాంకు హుండీ ఎలా కొంటుంది, ఎల్.సి. (లెటర్ ఆఫ్ క్రెడిట్) ఎలా తెరుస్తుంది? లక్షలాది కుటుంబాలు రెండు పక్కలా చీలి ఉన్న ఆ రోజుల్లో తండ్రి ఢాకాలో, కొడుకు కలకత్తాలో ఉంటే ఇంటికి పంపే డబ్బు ఏ లెక్కన పంపాలి? దొంగదారిన వెళ్ళే నారకు మాత్రం రేటు ఉండేది. దాన్ని దళారులు పెట్టేవారు.

వ్యాపారం ఆగిపోయింది. మనం బొగ్గు ఆపాం. పాకిస్తాన్ రైళ్ళు అప్పటిదాకా నడిచింది మన బొగ్గుతోనే. అటు నార కొనే నాథుడు లేక సంతలు దిగజారాయి. పాకిస్తాన్ ప్రభుత్వం జూట్ బోర్డు పెట్టి కనీస ధర ప్రకటించింది, నార కొనడానికి అప్పులివ్వాలని 1949 నవంబరులో హడావిడిగా ఒక బ్యాంకునే పుట్టించింది. ఇవాళ పాకిస్తాన్‌లోని పెద్ద బ్యాంకుల్లో ఒకటైన నేషనల్ బ్యాంక్ ఆఫ్ పాకిస్తాన్ అలా పుట్టింది. ఒక మారకం రేటు తగువు లోంచి ఒక జాతీయ బ్యాంకు పుట్టడం ప్రపంచ చరిత్రలో అరుదైన సంగతి. మన పాఠ్యపుస్తకాల్లో దీనికి ఒక వాక్యమైనా దక్కకపోవడం నాకు బాధగా ఉంటుంది.

హుగ్లీ ఒడ్డున మనవాళ్ళూ ఉన్నారు. ఉత్తరాంధ్ర నుంచి, గంజాం నుంచి జూట్ మిల్లుల పనికి వెళ్ళిన తెలుగువాళ్ళు టిటాగఢ్ లాంటి చోట్ల తరాలుగా స్థిరపడ్డారు. ఇప్పటికీ ఆ వాడల్లో తెలుగు వినిపిస్తుంది. నార చాలక మిల్లులు పని తగ్గించుకున్నప్పుడు కూలి పోయినవాళ్ళలో వీళ్ళూ ఉన్నారు. మైమన్‌సింగ్ రైతుకు రావలసిన రూపాయి, టిటాగఢ్ కార్మికుడికి రావలసిన రూపాయి ఒకేసారి తెగిపోయాయి. ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి కోపం లేదు, ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

పదిహేడు నెలలు ఇలా సాగింది. 1950 ఏప్రిల్లో నెహ్రూ, పాకిస్తాన్ ప్రధాని లియాకత్ అలీ ఒప్పందం తరవాత రేటు సంగతి పక్కన పెట్టి కొంత సరుకు మార్చుకున్నారు. ఆ జూన్‌లో కొరియా యుద్ధం మొదలైంది. ప్రపంచమంతా ముడిసరుకులకు ఎగబడింది, జనపనార, పత్తి ధరలు ఆకాశానికంటాయి. దించకుండా నిలబడ్డ పాకిస్తాన్ లెక్క అప్పటికి గెలిచినట్టయింది. 1951 ఫిబ్రవరిలో కుదిరిన వాణిజ్య ఒప్పందంలో వందకు 144 రేటును భారత్ ఒప్పుకుంది.

ఒప్పుకునేనాటికి అసలు నష్టం జరిగిపోయింది, దాన్ని ఏ ఒప్పందమూ వెనక్కి తేలేకపోయింది. 1950 డిసెంబరులో తూర్పు బెంగాల్ చాల్నాలో కొత్త రేవు తెరిచింది. ఇక కలకత్తా మీద ఆధారపడకుండా నారను నేరుగా ఓడలెక్కించవచ్చు. 1951లో నారాయణ్‌గంజ్ దగ్గర ఆదమ్‌జీ జూట్ మిల్లు నడక మొదలుపెట్టింది. కొన్నేళ్ళకు అది ప్రపంచంలోనే అతి పెద్ద జూట్ మిల్లు అనిపించుకుంది. ఇటు మనం పొలాలు మార్చుకున్నాం. 1947-48లో దాదాపు 17 లక్షల బేళ్ళున్న మన పంట 1950-51కి 33 లక్షలైంది. బేలంటే 400 పౌన్ల బరువు. బెంగాల్‌లో, అస్సాంలో, బీహార్‌లో వరి పండే నేల కొంత నార కిందికి పోయింది. తిండిగింజల కోసం అమెరికాను అర్థిస్తున్న ఏళ్ళవి, ఆ మాట మరవద్దు. మన వైపు గోగు సాగునూ ప్రోత్సహించారు. విజయనగరం, శ్రీకాకుళం మెట్ట పొలాల గోగునారను భీమునిపట్నం రేవు పేరు మీద వర్తకులు బిమ్లీపట్నం జూట్ అనేవారు. నెల్లిమర్ల, చిట్టివలస మిల్లులకు ఆ నార తెలిసిందే. వరి పండే నేలలో మనం నార వేశాం, మగ్గాలే లేని చోట వాళ్ళు మగ్గాలు పెట్టారు. ఒకరికొకరు కావలసిన రెండు ప్రాంతాలు ఒకరికొకరు అక్కర్లేకుండా చేసుకోవడానికి కోట్లు ఖర్చుపెట్టాయి. దీనికి రాజకీయ కారణాలు చాలా ఉన్నాయి, నేను కాదనను. కానీ తలుపు మూయడానికి చేతికి దొరికిన మొదటి గడియ ఆ 144.

తరవాతి కథ త్వరగా చెబుతాను. కొరియా యుద్ధం వేడి తగ్గాక ముడిసరుకుల ధరలు పడిపోయాయి, పాకిస్తాన్ ఖజానా ఇబ్బందిలో పడింది. 1955 జులై 31న పాకిస్తాన్ కూడా తన రూపాయిని డాలరుకు 4.76కు దించింది. మళ్ళీ వందకు వంద. ఆ సమానత్వం పదకొండేళ్ళు నిలిచింది, అదీ కాగితం మీదే. 1959లో పాకిస్తాన్ బోనస్ వోచర్ పద్ధతి పెట్టింది. ఫ్యాక్టరీ సరుకు ఎగుమతి చేసినవాడికి వోచర్ వస్తుంది, దాన్ని లాభానికి అమ్ముకోవచ్చు. ముడి జనపనారకు అది వర్తించదు. అంటే ఒకే దేశంలో కరాచీ మిల్లు యజమానికి ఒక రేటు, తూర్పు బెంగాల్ రైతుకు ఇంకో రేటు.

1966 ఫిబ్రవరిలో తూర్పు బెంగాల్ నాయకుడు షేక్ ముజిబుర్ రెహమాన్ లాహోర్‌లో ఆరు సూత్రాలు ప్రకటించాడు. వాటిని అందరూ స్వయంప్రతిపత్తి కోరికగానే చదువుతారు. మూడో సూత్రం చూడండి. తూర్పు, పశ్చిమాలకు వేర్వేరు కరెన్సీలు ఉండాలి, లేదా తూర్పు డబ్బు పశ్చిమానికి తరలిపోకుండా రాజ్యాంగంలోనే కట్టడి ఉండాలి. అయిదో సూత్రం విదేశీ మారకద్రవ్యం ఖాతాలు వేరుగా ఉంచాలంటుంది. ఒక దేశం చీలకముందే దాని లోపల రెండు డబ్బులు కావాలని అడిగారంటే, ఆ రేటు దెబ్బ రైతుకు ఎంత లోతుగా తగిలి ఉండాలో ఆలోచించండి.

ఆ ఏడాదే జూన్ 6న ఇందిరాగాంధీ ప్రభుత్వం రూపాయిని డాలరుకు 4.76 నుంచి 7.50కి దించింది. పాకిస్తాన్ మళ్ళీ కదల్లేదు. వంద పాకిస్తానీ రూపాయలకు 157 రూపాయల 50 పైసలు అయింది. ఈసారి ఎవరూ అరవలేదు. 1965 యుద్ధంతో రెండు దేశాల వ్యాపారం ఎటూ మూతబడింది. 1972 మేలో భుట్టో ప్రభుత్వం డాలరుకు 11కు దించేసరికి వంద పాకిస్తానీ రూపాయలు సుమారు 66 భారత రూపాయలకు వచ్చి పడ్డాయి. పాతికేళ్ళలో వంద, 144, వంద, 157, 66. ఈ అయిదు అంకెల్లో ఏ ఒక్కటీ రెండు దేశాలూ కలిసి పెట్టింది కాదు.

బంగ్లాదేశ్ పుట్టాక మరో అవకాశం వచ్చింది. 1972 మార్చి 4న వచ్చిన మొదటి టాకా నోట్లు మన దేశంలోనే అచ్చయ్యాయి. అప్పుడు టాకాకూ రూపాయికీ పౌనుతో ఒకటే రేటు, 18.9677. మళ్ళీ వందకు వంద. రెండు స్నేహ దేశాలు, తెరిచిన సరిహద్దు, కొత్త ఉత్సాహం. అయినా ఆ సమానత్వం బజారులో నిలవలేదు. యుద్ధంలో నలిగిన దేశంలో ధరలు మండిపోతున్నాయి, సరిహద్దులో టాకా విలువ కాగితం మీది విలువకంటే బాగా తక్కువ. దాంతో నార, బియ్యం దొంగదారిన ఇటు వచ్చేవి. భారత్ తమను దోచుకుంటోందన్న మాట ఢాకాలో బలపడింది. 1974 కరువు తరవాత, 1975 మేలో టాకాను పౌనుకు 30కి దించారు. వంద రూపాయలకు సుమారు 158 టాకాలు. స్నేహం ఉన్నప్పుడూ పొరపాటు ఆ పాతదే. రెండు దేశాల బజార్లను ఎదురెదురుగా పెట్టి చూడకుండా, ఇద్దరం పౌను వైపు తిరిగి నిలబడ్డాం.

మరో దారి లేదా అంటే, ఉంది. నేపాల్ ఉంది. 1960లో వంద భారత రూపాయలకు 160 నేపాలీ రూపాయలని నేరుగా రేటు కట్టారు. 1966లో మనం దించినప్పుడు నేపాల్ దించక, ఆ 160 ఒక్కసారిగా 101 దగ్గరికి వచ్చింది. ఏడాదిన్నరకు 135కు సర్దుకున్నారు, ఆ తరవాతా చాలాసార్లు మార్చారు. 1993 ఫిబ్రవరి నుంచి మళ్ళీ 160. అప్పటినుంచి డాలరు ఎంత ఎగిరినా అది కదల్లేదు. తరాయి ప్రాంతపు కూరగాయల రైతు డాలరు సంగతి తెలియకుండానే బతుకుతున్నాడు. దీనికి నేపాల్ కట్టే ఖరీదు ఉంది. మన ద్రవ్యోల్బణమే దాని ద్రవ్యోల్బణం, 2016లో మనం పెద్ద నోట్లు రద్దు చేసినప్పుడు అక్కడి ఇళ్ళలోని మన నోట్లూ చెల్లకుండా పోయాయి. పెద్ద దేశం పక్కన ఉండటంలోని బరువు అది, దాన్ని తేలిక చేసి చెప్పలేను. అయినా రైతుకు వచ్చే ఏడాది రేటు తెలిసి ఉండటం ఎంత పెద్ద సంగతో 1949 సెప్టెంబరులో సంతకెళ్ళిన మనిషిని అడిగితే చెప్పేవాడు.

విద్యార్థులను ఒకటి కోరుతున్నాను. డాలరు పట్టికలు దేశదేశాల్లో దొరుకుతాయి. నారాయణ్‌గంజ్, కలకత్తా నార ధరలను పక్కపక్కన పెట్టి, వారం వారం అసలు రేటు ఎంత నడిచిందో చూపించే పట్టిక తెలుగులో లేదు. పాత పత్రికల వాణిజ్య పుటల్లో దానికి కావలసిన ముడిసరుకు ఉంది. కూర్చుని రాయండి, మీ పేరు నిలుస్తుంది.

ప్రభుత్వాల్లో కూడా కొంత కదలిక కనిపిస్తోంది. 2022 జులైలో రిజర్వు బ్యాంకు రూపాయల్లో విదేశీ వ్యాపార చెల్లింపులకు దారి తెరిచింది. 2023 జులై 11న ఢాకాలో భారత్, బంగ్లాదేశ్‌ల రూపాయి వ్యాపారం మొదలైంది. అంతకంటే నాకు ఎక్కువ ఆశ కలిగించేది ఇంకా చిన్న ఏర్పాటు. 2011లో మేఘాలయ సరిహద్దులో కలాయిచార్ దగ్గర వారపు సంత మొదలైంది. ఇటువాళ్ళు, అటువాళ్ళు వచ్చి కూరగాయలు, దుంపలు, బట్టలు అమ్ముకుంటారు. రూపాయి చెల్లుతుంది, టాకా చెల్లుతుంది. మధ్యలో బ్యాంకు అక్కర్లేదు. కానీ ఆ సంత ఒప్పందంలో ఒక మనిషి ఒక రోజులో ఎంతమేర కొనవచ్చో రాసిన చోట ఏముందో చూడండి. మొదట 50 డాలర్లకు సమానమైన సరుకు అని ఉండేది. తరవాత పరిమితి పెంచినప్పుడూ డాలర్లలోనే పెంచారు. గారో కొండల మీంచి అల్లం మోసుకొచ్చే ఆడమనిషి, నది దాటి వచ్చిన రైతు డాలరు నోటును ఎన్నడూ చూసి ఉండరు. ఈసారి ఆ ఒప్పందం తిరగరాసేటప్పుడు ఆ పరిమితిని ఇన్ని రూపాయలు, ఇన్ని టాకాలు అని రాయమని రెండు ప్రభుత్వాలనూ ఈ వేదిక మీంచి అడుగుతున్నాను.